డండీ యూనివర్సిటీ లెక్కల్ల మన పొలం గుంటలు

2025 జూన్ 26 నాడు స్కాట్లండ్ పార్లమెంటు విద్యా కమిటీ ముందట ఒక పెద్దమనిషి కూసున్నడు. పేరు ఇయాన్ గిలెస్పీ. అంతకు ఆర్నెల్ల ముందు దాక డండీ యూనివర్సిటీకి ప్రిన్సిపాల్, అంటే మన భాషల వైస్ చాన్స్‌లర్. సభ్యులు మొఖం మీదనే అడిగిన్రు: నువ్వు చేతగానోనివా, అవినీతిపరునివా? అవినీతి అయితే కాదు అన్నడాయన. ఇగ మిగిలింది చేతగానితనమే గదా అంటే, ఆ మాటను కాదనలేదు. ఒక వీసీని ఎన్నికైనోళ్లు గిట్ల బహిరంగంగ నిలదీసుడు మన దిక్కు నేనెన్నడు సూడలే. ఆ ఒక్క విషయంల వాళ్లకు దండం పెట్టాలె.

ఏమైందో జర వరుసగ చెప్త. డండీ అంటే టే నది సముద్రంల కలిసేకాడ ఉన్న పట్నం. జనం లక్షన్నర, మన నల్లగొండ అంత అనుకోరాదున్రి. అసొంటి ఊరికి యూనివర్సిటీ అంటే చదువు ఒక్కటే కాదు, వేలమందికి నెల జీతం. 2024 నవంబర్ల యాజమాన్యం సిబ్బందికి చెప్పింది: 3 కోట్ల పౌండ్ల లోటు ఉన్నది, కొలువులు పోవుడు తప్పది అని. డిసెంబర్ల ప్రిన్సిపాల్ దిగిపోయిండు. పోయేటప్పుడు ఆయనకు ముట్టింది దగ్గర దగ్గర లక్షన్నర పౌండ్లు. ఫిబ్రవరి ఆఖర్ల లెక్చరర్ల సంఘం మూడు వారాల సమ్మెకు దిగింది. మార్చి వచ్చేసరికి లోటు 3.5 కోట్లకు ఎక్కింది, 632 కొలువులు తీసేస్తమన్నరు. అంటే ఐదుగురిల ఒకరు ఇంటికి పోవుడే. లొల్లి అయినంక ఆ అంకెను తగ్గించిన్రు. స్కాట్లండ్ సర్కారు తరఫున మొదలు 2.2 కోట్ల పౌండ్లు, జూన్ల ఇంకో 4 కోట్లు ఇస్తమని ముందట పడ్డది.

ఇంత కథ ఎట్లయింది అని విచారణ పెట్టిన్రు. గ్లాస్గో కలెడోనియన్ యూనివర్సిటీకి ఇంతకుముందు ప్రిన్సిపాల్‌గ చేసిన పమేలా గిలీస్ ఆ పని చేసింది. జూన్ 19 నాడు రిపోర్టు బయటికొచ్చింది. అదే రోజు తాత్కాలిక ప్రిన్సిపాల్ సుత రాజీనామా చేసిండు. నేను పెద్ద చదువులు చదివినోన్ని కాదు. పక్కన డిక్షనరీ పెట్టుకొని ఆ రిపోర్టు నాలుగు రాత్రులు చదివిన. సారం ఏందంటే: వచ్చే పైసలు తగ్గుతున్నయని ముందుగాలనే సూచనలున్నయి, ఖర్చు మాత్రం ఆపలే. లెక్కలు సక్కగ పెద్దల ముందటికి రాలే. వచ్చిన లెక్కలను అడిగెటోడు లేడు. అడిగినోళ్లను ఆడ ఇష్టపడలే. ఆడోళ్లు మాట్లాడితే మధ్యలనే అడ్డం పడుడు, పక్కకు పెట్టుడు, ఎనకంగ తక్కువ చేసి మాట్లాడుడు ఉండేదని సుత రాసి పెట్టిన్రు.

ఈ ఆఖరి ముచ్చట కాడ నేను ఆగిన. ఎందుకంటే ఆ యూనివర్సిటీ పుట్టిందే ఒక ఆడిమనిషి పైసలతోని. 1881ల మేరీ ఆన్ బాక్స్‌టర్ అనే ఆమె, నారబట్టల మిల్లులున్న కుటుంబంల పుట్టిన ఆమె, లక్ష పౌండ్లకు పైననే ఇచ్చి యూనివర్సిటీ కాలేజీ పెట్టిపిచ్చింది. మగోళ్లకు, ఆడోళ్లకు ఇద్దరికి చదువు చెప్పాలె అని పునాది కాయితంల్నే రాయించింది. ఆ కాలంల అది చిన్న మాట కాదు. గసొంటి ఆమె కట్టించిన ఇంట్ల నూట నలభై ఏండ్లకు ఆడోళ్ల నోరు మూయిస్తున్నరని సర్కారు రిపోర్టుల ఎక్కింది. వాళ్ల మాట ఇనుంటే ఆ లోటు అంత లోతు పోయేది కాదేమో.

సరే, పైసలు యాడికెళ్లి తగ్గినయి? ఇదే అసలు ముచ్చట. డండీకి బయటి దేశాల పిల్లలే ఆసరా అయిన్రు. ముఖ్యంగ నైజీరియా పిల్లలు. ఒక ఏడాది మాస్టర్స్‌కు వచ్చుడు, పూర ఫీజు కట్టుడు. 2023 జూన్ల నైజీరియా సర్కారు తన పైస నైరాను మార్కెట్టుకు వదిలిపెట్టింది. డాలరుకు 460 కాడ ఉన్నది, ఎనిమిది నెలలల్ల 1500కు పడిపోయింది. ఒక్కసారి సోచాయించున్రి: నిన్న ఫీజు ఐదు లక్షలైతే, ఇయ్యాల అదే ఫీజు పదిహేను లక్షలు. మీద నుంచి 2024 జనవరి 1 నుంచి బ్రిటన్ సర్కారు ఇంకో దెబ్బ కొట్టింది. మాస్టర్స్ చదువెటోళ్లు పెండ్లాం పిల్లలను తోలుకరావద్దు అన్నది. కుటుంబంతోని వచ్చెటోళ్లల్ల నైజీరియా వాళ్లే ఎక్కువ. వచ్చెటోళ్లు ఆగిపోయిన్రు. లాగోస్ బజార్ల నైరా పడితే డండీల లెక్చరర్ కొలువు ఊగింది.

అప్పటికే వచ్చి ఉన్న పిల్లల గతి ఏమైంది? డండీ ముచ్చట పక్కకు పెట్టినా, ఇంగ్లండ్ల టీసైడ్ యూనివర్సిటీ సంగతి 2024 మే నెలల పత్రికలల్ల వచ్చింది. నైరా పడిపోయి కిస్తీ ఆలస్యమైన నైజీరియా పిల్లలను కోర్సుల నుంచి తీసేసిన్రు, దేశం ఇడిచి పొమ్మని నోటీసులు వచ్చినయి. ఎందుకంటే వీసాకు జమానతు యూనివర్సిటే. అది చెయ్యి తీసేస్తే వీసా కోసేస్తరు. మామూలుగ 60 రోజుల్ల మూటముల్లె సర్దుకోవాలె. ఇదే యూనివర్సిటీ పైసల ఆపదల పడితే ఏం జేస్తది? సర్కారు కాడికి పోతది, సర్కారు 4 కోట్లు ఇస్తది. కిస్తీ దప్పిన పోరనికి మాత్రం ఆగేందుకు దిక్కులేదు.

ఇప్పుడు కొందరు అంటరు, స్కాట్లండ్ల వాళ్ల సొంత పిల్లలకు డిగ్రీ ఫీజు లేదు, సర్కారే కడ్తది, అందుకే గిట్లయింది, ఉచితం పెడితే ఇట్లనే ఉంటది అని. ఈ మాట మన దిక్కు ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద సుత ఇంటుంటం. ఇది తప్పు లెక్క. పక్కన ఇంగ్లండ్ల ఉచితం లేదు. 1998ల వెయ్యి పౌండ్లతోని మొదలుపెట్టిన్రు, 2012ల 9 వేలు చేసిన్రు, 2025–26ల 9,535 ఉండె. మరి ఆడ అంత మంచిగున్నదా? 2024–25కు ఇంగ్లండ్ యూనివర్సిటీలల్ల నూటికి 43 లోటుల పడ్తయని వాళ్ల నియంత్రణ సంస్థనే చెప్పింది. వేల్స్‌ల కార్డిఫ్ యూనివర్సిటీ 2025 జనవరిల 400 కొలువులు తీస్తమన్నది, నర్సింగ్, సంగీతం, భాషలు మూసుడే అన్నది. నర్సింగ్ మీద జనం మర్లబడితే ఎనక్కి తగ్గింది. ఫీజు ఉన్న కాడ సుత రోగం అదే. సర్కారు ఇయ్యాల్సిన పైసలు ఇయ్యకుంట, ఆ బొందను ఎవరి పిల్లలతోనో పూడ్పిచ్చుడే రోగం.

ఇంకో లెక్క ఉన్నది, మనోళ్లకు ఎవరు చెప్పరు. బ్రిటన్ల పరిశోధనకు వంద పౌండ్లు ఖర్చయితే, దాని పేరు మీద వచ్చే గ్రాంటు 70 పౌండ్లు సుత ఉండది. మిగిలింది యూనివర్సిటీ తన దిక్కుకెళ్లి పెట్టుకోవాలె. ఎక్కువ పాలు అది బయటి దేశపు పిల్లల ఫీజుల్నుంచే పోతది. బ్రిటన్ మొత్తంల 2023–24ల బయటి పిల్లలు 7 లక్షల 32 వేల మంది. అండ్ల మన దేశపోళ్లే లక్షా 60 వేలకు పైన, చైనాను దాటేసిన్రు. ఆ లక్షా 60 వేలల్ల తెలుగోళ్లెందరో లెక్కపెట్టేందుకు అమీర్‌పేటల, దిల్‌సుఖ్‌నగర్ల బోర్డులు సూస్తే చాలు.

పరిశోధనను నేను తక్కువ చేస్తలేను. అసొంటి పనికి రెండు చేతులెత్తి మొక్కాలె. మీరు ఇది ఫోన్ల చదువుతున్నరు గదా, ఆ పలక తీరు తెరల ఎనుక డండీ ఉన్నది. 1970లల్ల వాల్టర్ స్పియర్, పీటర్ లీకోంబర్ అనే ఇద్దరు ఆడ ఒక తీరు సిలికాన్ మీద పనిజేసిన్రు. 1979ల దాంతోని సన్నటి ట్రాన్సిస్టర్ జేసి సూపిచ్చిన్రు. డబ్బా టీవీలు పోయి పలక టీవీలు వచ్చుటానికి బాట పడ్డది ఆడ. 2015ల అదే యూనివర్సిటీ మందుల పరిశోధన విభాగం మలేరియా మీద ఒక కొత్త మందు పదార్థాన్ని బయటపెట్టింది. మలేరియా పురుగు దోమ కడుపుల ఉంటదని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్ల, 1897ల. ఆ పురుగును సంపే మందు కోసం డండీల రాత్రింబగళ్లు పనిజేస్తున్నరంటే సంతోషమే గద. గని ఆ ల్యాబు కరెంటు బిల్లుల సూర్యాపేట రైతు కుదువపెట్టిన ఎకరం పైసలు సుత ఉన్నయేమో అని ఎవరన్న చెప్పాలె గద. దాత అని ఆయన పేరు యాడ రాయరు. బాక్స్‌టరమ్మ పేరు రాసిన్రు.

ఆ ఎకరం ముచ్చట నాకు దగ్గర్నుంచి ఎరుకే. మా దిక్కు ఊర్లల్ల ఇంటికొకరు కాకున్నా వాడకొకరు లండన్ పోయినోళ్లే. బ్రిటన్ల యాడికి పోయినా మనోళ్లకు లండనే. లెక్క గిట్లుంటది: మాస్టర్స్ ఫీజు యూనివర్సిటీని బట్టి 15 వేల నుంచి 25 వేల పౌండ్లు. 18 వేలు అనుకుంటే, పౌండుకు 115 రూపాయల లెక్కన 20 లక్షల 70 వేలు. 2025ల వీసాకు 524 పౌండ్లు ఉండె, దవఖాన సుంకం ఏడాదికి 776. మీద నుంచి ఖర్చులకు పైసలున్నయని బ్యాంకుల సూపెట్టాలె. 2025 జనవరిల లండన్ బయట నెలకు 1,136 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలకు 10,224 పౌండ్లు ఉండె, అంటే పదకొండు లక్షల మీదనే. అది 28 రోజులు ఖాతాల కదలకుంట ఉండాలె.

ఈ 28 రోజుల మీద ఒక యాపారమే నడుస్తది. ఖాతాల పైసలేసుడు, నెల అయినంక తీసుకొనుడు, మిత్తి ముందే కోసుకునుడు. మా మండలంల ఒక తండ్రి ఎకరంన్నర కుదువపెట్టి బిడ్డను పంపిండు. పట్నంల ఒక కన్సల్టెన్సీ అన్ని మేమే సూసుకుంటమన్నది. యూనివర్సిటీ ఏది అంటే పేరు ఆయనకు నోరు తిరగలే, నవ్వుకుంట కాయితం తీసి సూపిచ్చిండు. ఆ యూనివర్సిటీ లాభంల ఉన్నదా, లోటుల ఉన్నదా, బిడ్డ చేరే కోర్సు వచ్చేడు ఉంటదా అని అడగాలని ఆయనకు ఎవరు చెప్పలే. ఎట్ల చెప్తరు? ఒక్కొక్క పిల్లకు యూనివర్సిటీ కమీషన్ కట్టేది ఆ కన్సల్టెన్సీకే. పిల్ల కట్టే ఫీజులకెళ్లే అది పోయేది. మన పైసతోనే మనల్ని అమ్ముకునుడు.

ఆడ చేరినంక బతుకు ఎట్లుంటదో ఫోన్లల్ల చెప్తనే ఉంటరు, తల్లిదండ్రులకు మాత్రం చెప్పరు. క్లాసులు నడిచే రోజులల్ల వారానికి 20 గంటలే పనిజెయ్యాలె. 2025 ఏప్రిల్ల కనీస కూలి గంటకు 12.21 పౌండ్లు ఉండె, అంటే వారానికి 244. అండ్లకెళ్లి గది కిరాయి, తిండి, బస్సు. వృద్ధుల ఇండ్లల్ల సేవలు, గోదాముల మూటలు, పార్శిళ్లు. డిసెంబర్ల డండీల పగటీలి మూడున్నరకే చీకటి పడ్తది. చదువు అయినంక రెండేండ్లు ఉండి కొలువు దేవులాడుకోవచ్చు అన్న ఆశ మీదనే ఈ అప్పంత. ఆ రెండేండ్లను 18 నెలలు చేస్తమని బ్రిటన్ సర్కారు 2025 మే నెలల చెప్పింది. 2027 జనవరి నుంచి దరఖాస్తు పెట్టెటోళ్లకు అది వర్తిస్తది. మాస్టర్స్ కోర్సు ఏడాదే గావట్టి, 2026 సెప్టెంబర్ల చేరెటోళ్ల నుంచి అందరూ అండ్ల పడ్డట్టే. ఇంగ్లండ్ల అయితే 2028 నుంచి బయటి పిల్ల ఒక్కొక్కరి మీద యూనివర్సిటీ 925 పౌండ్లు సర్కారుకు కట్టాలె అంటున్నరు. ఆ పైస ఎవరి మీదికి దిగుతదో నేను చెప్పేదేమున్నది.

బయటి పిల్లలు మస్తు మంది వస్తున్నరని ఆడ రాజకీయాలోళ్లు ఓట్లకాడ తిట్టుడు. వాళ్లు రాకుంటే యూనివర్సిటీ కూలుతదని లెక్కల పుస్తకంల ఏడ్సుడు. ఈ రెండు ఒకే దేశంల, ఒకే ఏడు. గిలీస్ రిపోర్టుల నైజీరియా పిల్లల కోసం నేను ఎతికిన. ఎక్కువగ అంకె లెక్కనే కనబడ్డరు: ఎందరు చేరుతరనుకున్నరు, ఎందరు చేరిన్రు, ఎంత తగ్గింది. ఆ రిపోర్టు పని పైసల మీద విచారణ గనుక రాసినామెను నేను తప్పుపట్ట. గని ఒక ఊరి యూనివర్సిటీని ఇన్నేండ్లు నిలబెట్టినోళ్లకు అండ్ల ఒక పేజీ అన్న రావాల్సింది.

మరి మన పిల్లలు ఎందుకు పోతున్నరు అనేది మనం మనకే ఏసుకోవాల్సిన ప్రశ్న. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలె. ప్యాట్రిక్ గెడ్డెస్ అని ఒకాయన 1888 నుంచి 1919 దాక ఇదే డండీల వృక్షశాస్త్రం ప్రొఫెసర్. పట్నాలు ఎట్ల కట్టాలె అన్నదాంట్ల ఆయన మాటంటే లోకం ఇన్నది. ఆయన మన దేశం వచ్చిండు, బొంబాయిల పాఠాలు చెప్పిండు. ఉస్మానియా యూనివర్సిటీకి జాగా సూడాలని నిజాం సర్కారు ఆయనను పిలిపిచ్చింది. 1923ల ఆయన ఇచ్చిన రిపోర్టు ఉన్నది. డండీల పాఠం చెప్పినోడు ఇక్కడికొచ్చి మన యూనివర్సిటీకి నేల సూసిండు. ఇయ్యాల ఆ నేల మీద ప్రొఫెసర్ల కుర్సీలు ఏండ్లకేండ్లు ఖాళీ. కాంట్రాక్టోళ్లు, పార్ట్‌టైమోళ్లు బండి గుంజుతున్నరు. ల్యాబులల్ల సామాను పాతది. పీజీ చేసిన పోరడు ఇక్కడ దారి కనబడక ఎకరం కుదువపెట్టి డండీకి దారి వడ్తున్నడు. ఉస్మానియాకు ఇయ్యని పైసలు ఇంకో దారిల బ్రిటన్ చేరుతున్నయి.

ఇండ్ల సర్కారు పైసలు సుత ఉన్నయి. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, ఫూలే పేరు మీదున్న బీసీల పథకం – ఒక్కొక్క పిల్లకు 20 లక్షల దాక ఇస్తరు. బ్రిటన్ సుత ఆ పట్టికల ఉన్నది. ఈ పథకాలు ఉండాలె, ఇంకా పెరగాలె. దళిత, గిరిజన, బీసీ పిల్లలు విమానం ఎక్కుతున్నరంటే కండ్లు మండెటోళ్ల పక్కన నేను లేను. అందుకే అడుగుతున్న: 20 లక్షలు పంపే శాఖ ఆ యూనివర్సిటీ జమాఖర్చు ఒక్కసారన్న తెరిచి సూసిందా? అది దాచిపెట్టే కాయితం కాదు. బ్రిటన్ల ఏ యూనివర్సిటీ అయినా ఏటేటా తన లెక్కలు వెబ్‌సైట్ల పెడ్తది. అండ్ల మూడు సంగతులు సూసుకోవాలె: ఈ ఏడు మిగులా లోటా, మొత్తం రాబడిల బయటి పిల్లల ఫీజు ఎంత పాలు, అండ్ల ఒక్క దేశం మీదనే ఎంత ఆనుకున్నరు. డండీ లెక్కలను ముందే గిట్ల సూసి ఉంటే మబ్బు పడుతున్నదని తెలిసేది.

సెప్టెంబర్, జనవరి చేరికలకు ఇప్పుడే హోటళ్లల్ల మేళాలు పెడ్తున్నరు. యూనివర్సిటీ మనుషులు కోటేసుకొని వచ్చి బల్లల కాడ కూసుంటరు. అక్కడికి పోయే అమ్మనాయినలు స్కాలర్‌షిప్ ఎంత అని అడుగుతరు, మంచిదే. దాంతోపాటు ఇవి సుత అడగున్రి: పోయినేడు ఎన్ని కోర్సులు మూసిన్రు? నా బిడ్డ చేరినంక కోర్సు మూస్తే ఫీజు వాపసు ఇస్తరా, ఎన్ని రోజులల్ల? మన రూపాయి పడిపోతే కిస్తీకి గడువు ఇస్తరా? మా దగ్గరి కన్సల్టెన్సీకి మీరు ఎంత కడ్తున్నరు? నోటి మాట ఒద్దు, యూనివర్సిటీ ఈమెయిల్ నుంచి రాసి పంపమనున్రి. సాంఘిక సంక్షేమ శాఖ, బీసీ సంక్షేమ శాఖ సుత తమ పట్టికల ఉన్న బ్రిటన్ యూనివర్సిటీలకు ఇవే ప్రశ్నలు ఈ చేరికల లోపల పంపాలె. వచ్చిన జవాబులు జిల్లా ఆఫీసుల గోడకు తెలుగుల అతికించాలె.